పదహారులో మూడు పోతే

పదహారులోంచి మూడు తీసేస్తే ఎంత? ఈ లెక్కకు తడుముకోకుండా జవాబు చెప్పడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. అప్పటికి నా వయసు నలభై ఏడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళుగా లెక్కే నా పని.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఇలాంటి జబ్బు ఎవరింట్లో వచ్చినా మొదట చేసే తప్పు ఒకటుంది. మేమూ చేశాం. అది చెబుదామనే రాస్తున్నాను. రాస్తే నాకూ కాస్త కుదురు దొరుకుతుందని ఇంకో ఆశ. ఆ ఏడాది పోయిన కుదురు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. నేను సినిమా నెగటివ్ కోసేవాణ్ణి. ఎడిటరు సినిమాను కూర్చేది అసలు నెగటివ్‌తో కాదు, దాన్నుంచి తీసిన రష్ ప్రింటుతో. దాన్ని ఎన్నిసార్లయినా కోయొచ్చు, అతికించొచ్చు. అంతా ఖాయమయ్యాక అది నా బల్ల మీదికి వస్తుంది. ఫిల్ము అంచున అడుగుకొక నంబరుంటుంది. ప్రింటు మీదున్న నంబరే నెగటివ్ మీదా ఉంటుంది. ఆ నంబరు వెతికి పట్టుకుని, దాని తర్వాత ఎన్నో ఫ్రేము దగ్గర ఎడిటరు కోశారో లెక్కపెట్టి, సరిగ్గా అక్కడే నెగటివ్‌ను కోయాలి. నెగటివ్ ఒక్కటే ఉంటుంది. తప్పు కోస్తే అతికించి లాభం లేదు. ఆ అతుకులో ఒక ఫ్రేము పోతుంది, తెర మీద బొమ్మ ఎగిరిపడుతుంది.

అడుగుకు పదహారు ఫ్రేములు. బొటనవేలు వదిలేస్తే చేతికి నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులూ ఒక కొనా. మొత్తం పదహారు. అంటే ఒక చెయ్యి ఒక అడుగు. ఇది నాకెవరూ నేర్పలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి మద్రాసు వెళ్ళి, ఎడిటింగ్ గదుల్లో రీళ్ళు చుడుతూ నాకు నేనే పట్టుకున్నాను. తర్వాత సినిమా పని హైదరాబాదుకు మారుతుంటే నేనూ, నా భార్య సుభద్రా వచ్చి ఫిల్మ్‌నగర్‌లో బండల పక్కన రెండు గదులు అద్దెకు తీసుకున్నాం.

1991 జూలై. ఎడిటరు శేషగిరిరావు గారి సినిమా, నాలుగో రీలు, అందులో ఒక పాట. పొద్దున తొమ్మిదింటికి బల్ల దగ్గర కూర్చున్నాను. పదకొండు చోట్ల కోశాను. పన్నెండోదాని కోసం నంబరు చూశాను. అంకెలు విడివిడిగా తెలుస్తున్నాయి. నాలుగు, ఏడు, సున్న, రెండు. కానీ ఆ నాలుగూ కలిసి ఎంతో తెలియలేదు. దాని ముందున్న నంబరు దీనికంటే పెద్దదో చిన్నదో తెలియలేదు. కళ్ళు అలిసిపోయాయేమో, ముందు ఫ్రేములు లెక్కపెడదామని బొటనవేలు కదిపాను. అది ఏ వేలి మీద ఉందో తెలియలేదు.

తిమ్మిరి లేదు, నొప్పి లేదు. గ్లౌజు విప్పి చూసుకున్నాను. వేళ్ళన్నీ ఉన్నాయి. వాటి వరసే నాలో లేదు.

కత్తెర కింద పెట్టాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. పెట్టిన మరుక్షణం ఇంకో భయం పట్టుకుంది. అంతకుముందు కోసిన ఆ పదకొండూ సరిగ్గానే కోశానా? ఇది ఎప్పుడు మొదలైంది? దాదాపు మూడు నెలల పాటు ఆ ప్రశ్న నన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు.

ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి బయల్దేరాను. పది నిమిషాల నడక. మా వీధి దగ్గర ఎడమకు తిరగాలి. తిరిగాననే అనుకున్నాను. ఎవరిదో గేటు తోస్తుంటే నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ సుభద్ర చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, అది మనిల్లు కాదు. ఎండలో ఎటు పోతున్నారు?"

"ఎటు పోతున్నానో చెప్పు," అన్నాను. ఆవిడ బిందె అక్కడే వదిలేసి ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో తలకు స్కానింగ్ తీశారు. మర్నాడు డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నెమ్మదైన మనిషి.

"కళ్ళు మూసుకోండి. నేను ముట్టుకున్న వేలు ఏదో చెప్పండి."

"చూపుడువేలు."

సుభద్ర గొంతులో చిన్న శబ్దం వినిపించింది. డాక్టరమ్మ ముట్టుకున్నది ఉంగరపు వేలట.

"ఎడమ చేత్తో కుడి చెవి పట్టుకోండి." ఏదో చేత్తో ఏదో చెవి పట్టుకున్నాను. ఆవిడ ఏదో రాసుకుంది.

"పదహారులో మూడు పోతే?"

నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. మెట్టుంటుందని కాలు వేస్తే మెట్టు లేనట్టయింది.

"సరే, పదహారు మూళ్ళు?"

"నలభై ఎనిమిది," అంది నా నోరు. అంతటితో ఆగలేదు. "పదహారు నాలుగులు అరవై నాలుగు, పదహారు అయిదులు ఎనభై, పదహారు ఆర్లు తొంభై ఆరు..." పది దాకా పోయి ఆగింది.

సుభద్ర మొహం వెలిగిపోయింది. "చూశారా డాక్టరు గారూ! ఆయన లెక్క ఎక్కడికీ పోలేదు."

"అది లెక్క కాదమ్మా, ఎక్కం," అంది డాక్టరమ్మ. నా వైపు తిరిగి, "అరవై నాలుగు పెద్దదా, నలభై ఎనిమిది పెద్దదా?" అని అడిగింది.

చెప్పలేకపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పేరు తెలిసి మనిషిని గుర్తుపట్టలేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆవిడ ఓ చీటీ వెనక తల బొమ్మ గీసింది. "చిన్నప్పుడు పాట నేర్చుకున్నట్టు ఎక్కం నేర్చుకుంటాం. అది మాటలతో పాటు ఇక్కడ, ఎడమ కణత వైపు ఉంటుంది. అది మీకు సేఫ్. ఇది ఎక్కువ, అది తక్కువ అని పోల్చేది ఇంకోచోట. ఇదిగో, ఎడమ చెవికి పైన, కాస్త వెనక్కి. చూసింది, విన్నది, చేత్తో తాకింది వచ్చి కలిసే చౌరస్తా అనుకోండి. అంకెలు, వేళ్ళు, కుడి ఎడమలు, రాత, ఈ నాలుగూ అక్కడ పక్కపక్క ఇళ్ళు. ఆ వీధికి రక్తం తీసుకెళ్ళే సన్న నాళం ఒకటి మూసుకుపోయింది."

"మరి చెయ్యి పడిపోలేదేమండీ?" అని సుభద్ర.

"చెయ్యి కదిపేది దానికి ముందు వైపు ఉంటుందమ్మా. అది బాగానే ఉంది. అందుకే చూసేవాళ్ళకి ఈయనకు జబ్బున్నట్టు కనపడదు."

"తిరిగొస్తుందా?"

"కొంత దానంతటదే వస్తుంది. కొంత పక్కనున్న భాగాలు నేర్చుకుంటాయి. ఎంత అని నేను చెప్పలేను."

చెప్పినా ఆ రోజు నాకు అర్థమయ్యేది కాదు.

జబ్బున్నట్టు కనపడదు అన్న మాట సుభద్ర గట్టిగా పట్టుకుంది. మందుల చీటీతో బయటికొస్తూ మెట్ల మీదే తేల్చేసింది. "తలలో రక్తం ఆగిందంటే పక్షవాతం అనుకుంటారండీ. ఈ ఫీల్డులో ఒక్కరూ మళ్ళీ పిలవరు. నెగటివ్ ముట్టుకోనివ్వరు, సెంటిమెంటంటారు. కామెర్లని చెబుదాం. నలభై రోజుల పథ్యమంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు."

కాదనడానికి నాకు బలం లేదు. ఆవిడ కిరాణా కొట్టులోంచి శేషగిరిరావు గారికి ఫోన్ చేసింది. ఆయన, "ఆ రీలు అలాగే డబ్బాలో పెట్టి మూతకు టేపు వేయించాను. పురుషోత్తమే వచ్చి ముగించాలి. రీలు మధ్యలో చెయ్యి మారడం నాకు అచ్చిరాదు," అన్నారట. నా మీద గౌరవంతో అన్న ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు. డబ్బా తెరిచి చూసేవాళ్ళెవరూ లేరు. ఆ పదకొండు కోతలూ చీకట్లో అలాగే ఉన్నాయి.

ఇక కామెర్లకు నేల ఉసిరి మొదలైంది. శేషగిరిరావు గారి భార్య రోజూ పొద్దున్నే ముద్ద నూరి టిఫిన్ డబ్బాలో పంపేవారు. డబ్బా ఖాళీగా పంపాలి కాబట్టి నేను తినేవాణ్ణి. ఆ చేదు మింగుతుంటే సుభద్ర పక్కకు తిరిగి నవ్వు ఆపుకునేది, నాకూ నవ్వొచ్చేది. ఒకసారి శేషగిరిరావు గారే చూడ్డానికొచ్చారు.

"ఏదీ, కళ్ళు చూడనీ. పచ్చగా లేవే!"

"ఇప్పుడే తగ్గుముఖమండీ," అంది సుభద్ర.

"ఇంకెన్నాళ్ళయ్యా?" అని నన్నడిగారు. నాకు ఏ అంకె చెప్పాలో తెలియలేదు. "ఇరవై రోజులండీ," అంది సుభద్ర నా బదులు. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయారు. చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్ళాను. ఏ చెప్పు ఏ కాలిదో తేలేలోపు కారు కదిలింది.

ఆగస్టంతా ఆసుపత్రి వరండాలోనే గడిచింది. వారానికి రెండుసార్లు పరీక్షలు, అభ్యాసాలు. అక్కడ టోకెన్లిచ్చేవాళ్ళు. అటెండరు పిలిచే అంకె వినపడేది, నా చీటీ మీద అంకె కనపడేది. రెండింటికీ మధ్య ఎంత దూరముందో తెలిసేది కాదు. పిలిచిన ప్రతిసారీ లేచేవాణ్ణి. సుభద్ర మందుల వరసలో ఉన్నప్పుడు నా పాట్లు మరీ ఘోరం. ఎదురు బల్ల మీద ఒకావిడ చూసి చూసి అంది.

"కూసోరాదు సార్! స్ప్రింగు లెక్క ఎగురుతవేంది?"

లెక్క అనగానే ఉలిక్కిపడ్డాను. ఈ వైపు వాళ్ళు 'లాగా' అనడానికి కూడా లెక్క అంటారని గుర్తు రావడానికి కాసేపు పట్టింది. ఆవిడ పేరు లచ్చమ్మ. వాళ్ళది షేక్‌పేట. భర్త మల్లయ్య ఇల్లిల్లూ తిరిగి పాలు పోస్తాడు. నాకు మాటలుండి లెక్క పోయిందని చెబితే ఆవిడ గట్టిగా నవ్వింది.

"మా ఆయనకు ఉల్టా సార్! లెక్క మంచిగనే ఉన్నది, మాటనే వోయింది. ఎవలింటికి ఎన్ని పాలో అంతా యాదికున్నది. నోట్లెకెల్లి 'అవ్' తప్ప ఏం రాదు. తిట్లు మాత్రం సాఫుగ వస్తయ్."

మల్లయ్య ఆవిడ వైపు చూసి ఒక తిట్టు తిట్టాడు. నిజంగానే సాఫుగా వచ్చింది. వరండా అంతా నవ్వింది, అతనూ నవ్వాడు.

తర్వాత డాక్టరమ్మ చెప్పింది, తిట్లు కూడా ఎక్కం లాంటివేనట. కూర్చుకుని పలికే మాట వేరు, అలవాటుగా ఊడిపడేది వేరు. మల్లయ్యకు దెబ్బ తగిలింది మాటలు కూర్చే చోట, మెదడు ముందు భాగంలో. నాది వెనక. మా ఇద్దరి జబ్బూ ఒకటే, వీధులు వేరు.

ఆ రోజు నుంచి మల్లయ్య నా చీటీ తీసుకుని తన దాంతో కలిపి పట్టుకునేవాడు. అటెండరు పిలుస్తున్నంతసేపూ నా మోకాలి మీద చెయ్యి వేసి లేవనిచ్చేవాడు కాదు. నా వంతు రాగానే "అవ్" అని తట్టేవాడు. ఒక్కసారీ తప్పలేదు. లచ్చమ్మ రాని రోజున అతని వెంట నేను లోపలికి వెళ్ళి, అతను సైగ చేసింది డాక్టరమ్మకు మాటల్లో చెప్పేవాణ్ణి. ఆ నెలలో నేను కుదురుగా కూర్చున్న గంటలు ఆ బల్ల మీదివే.

ఒకరోజు లచ్చమ్మకు కామెర్ల సంగతి చెప్పాను. బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "గదేంది సార్! నేనైతే పాలు పోసే ప్రతి ఇంటికీ వోయి చెప్పిన. మా ఆయన పలకరిస్తలేడని పొగరనుకోకుండ్రి, తలకాయల దెబ్బ తాకిందని. ఇప్పుడు వాళ్ళే గిన్నె పట్టుకొని గేటు కాడికొస్తున్రు. చెప్పకుంటె ఎట్ల తెలుస్తది?"

ఇంటికొచ్చి ఆ మాట సుభద్రతో అన్నాను. "వాళ్ళవి పాలండీ. మనది నెగటివ్," అని లోపలికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు. నలభై రోజులు దాటడంతో కామెర్లు తిరగబెట్టాయని సుభద్ర అందరికీ చెప్పింది. కోఠిలో పాత పుస్తకాల వాళ్ళ దగ్గర మనస్తత్వశాస్త్రం పుస్తకమొకటి కొన్నాను, కాలేజీ పిల్లలది. అందులో నాకు పనికొచ్చింది ఒక్క సంగతి: జ్ఞాపకం అన్నది ఒకటి కాదు. ఎప్పటికీ ఉండేది ఒకటి. చేస్తున్న పనికోసం కాసేపు పట్టుకుని వదిలేసేది ఇంకొకటి. డాక్టరమ్మ అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటే ఆరు చెప్పేవాణ్ణి. అవే వెనక నుంచి చెప్పమంటే రెండు దాటేవి కాదు. పట్టుకోవడం వేరు, పట్టుకుని తిప్పడం వేరు. నా పనంతా తిప్పడమే.

తిప్పడం కోసం తిరిగాను. ఫిల్మ్‌నగర్ ఎత్తుల మీద, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా, అడుగులు లెక్కపెడుతూ. ఇరవై దగ్గర జారిపోయేది. మళ్ళీ ఒకటి నుంచి. కుడి ఏదో గుర్తుండటానికి సుభద్ర నా కుడి మణికట్టుకు ఎర్ర దారం కట్టింది. ఇంట్లో కూర్చుంటే గోడగడియారం, క్యాలెండరు, బస్సు నంబర్లు అన్నీ నాకు పరీక్ష పెట్టేవి. సుభద్ర చింతపండు పిసుకుతూ ఉన్నట్టుండి, "పదహారులో మూడు?" అనేది. నేను విసుక్కునేవాణ్ణి. ఆవిడ అంతకంటే విసుక్కునేది. ఒకసారి పన్నెండన్నాను, ఒకసారి పందొమ్మిదన్నాను. పందొమ్మిదన్నానని తెలిసి డాక్టరమ్మ సంతోషించింది. "తప్పే, కానీ మూడు ఎంతో మీకు తెలిసింది. దిక్కే మారింది," అంది. దిక్కు మారడం అన్న మాట నన్ను రెండు రోజులు తినేసింది. నంబరు తర్వాత లెక్కపెట్టాల్సిన ఫ్రేములు నేను నంబరు ముందు లెక్కపెట్టి ఉంటే?

అక్టోబరు మొదటి వారంలో ఒక పొద్దున అన్నం తింటూ, ఎవరూ అడక్కుండా, "పదమూడు," అన్నాను. సుభద్ర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మధ్యాహ్నమే శేషగిరిరావు గారి కబురు వచ్చింది. రిలీజు దగ్గర పడింది, రేపు వచ్చి రీలు ముగించమని.

"వెళ్ళి ముగించండి. పదమూడని చెప్పగలిగారు కదా," అంది సుభద్ర.

"ముందు ఆయనకు నిజం చెబుతాను."

"ఇప్పుడా? నేను ఎవరికోసం అబద్ధమాడాను? రోజూ వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వుతూ ఎవరికోసం నిలబడ్డాను?"

"నాకోసమే. కానీ ఆ నెగటివ్ నాది కాదు సుభద్రా."

మర్నాడు పొద్దున నేను బయల్దేరేసరికి సుభద్ర చీర మార్చుకుని గుమ్మంలో ఉంది. "చెప్పేటప్పుడు నేనూ ఉండాలి," అంది.

శేషగిరిరావు గారి గదిలో నిలబడే చెప్పాను. "కామెర్లు కాదు సార్. తలలో రక్తనాళం మూసుకుపోయింది. లెక్క పోయింది, కుడి ఎడమలు పోయాయి. ఆ పొద్దున పదకొండు చోట్ల కోశాను. అవి సరైనవో కాదో నాకు తెలియదు."

ఆయన డబ్బా తెప్పించి, మూత టేపు ఊడదీసి, నెగటివ్‌నీ ప్రింటునీ పక్కపక్కన వేసి తనే చూడటం మొదలుపెట్టారు. నేను గదిలో అటూ ఇటూ తిరిగాను. సుభద్ర తలుపు దగ్గర గోడకు ఆనుకుంది. ఒకటి. రెండు. చాలాసేపు పట్టింది. తొమ్మిది దాకా సరిగ్గా ఉన్నాయి. పదోదాని దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

కోయాల్సింది నంబరు తర్వాత తొమ్మిది ఫ్రేములు లెక్కపెట్టి. నేను నంబరుకు ముందు తొమ్మిది లెక్కపెట్టి కోశాను. షాట్ చివర పద్దెనిమిది ఫ్రేములు తెగిపోయాయి. అంటే ముప్పావు సెకను. పాటలో ముప్పావు సెకను చిన్నది కాదు. పదకొండోది మళ్ళీ సరిగ్గానే ఉంది. అందుకే ఆ పొద్దున కోస్తున్నప్పుడు నాకు తేడా తెలియలేదు.

ఆయన కళ్ళజోడు తీసి సుభద్ర వైపు చూశారు. "ఆ పాట సెట్టు ఆగస్టు చివరిదాకా నిలబడే ఉందమ్మా. అప్పుడు చెప్పి ఉంటే ఒక్క పూటలో ఈ షాట్ మళ్ళీ తీసుకునేవాళ్ళం. ఇప్పుడు రెండో టేకే గతి. అందులో వెనకున్న డాన్సరొకావిడ తప్పు వైపు తిరిగింది."

"తప్పు నాదండీ. ఆయన చెబుతానన్నారు, నేనే ఆపాను," అంది సుభద్ర.

"కోత తప్పితే నేను సర్దుకుంటాను. ఇరవై ఏళ్ళుగా సర్దుకుంటూనే ఉన్నాను. చెప్పకపోతే దేన్ని సర్దుకోను?" అని కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మా ఆవిడ రోజూ తెల్లారే లేచి నేల ఉసిరి నూరింది. ఆ సంగతి మాత్రం ఆవిడతో మీరే చెప్పుకోండి."

నేను ఎర్ర దారం వైపు చూస్తూ, "మిగతా రీలు ఇంకెవరి చేతైనా చేయించండి సార్," అన్నాను.

"చెయ్యి మారదని చెప్పాను కదా. చెయ్యి నీదే. కళ్ళు ఇంకో రెండు పెట్టుకో. ప్రతి నంబరూ ఇద్దరు పైకి చదవాలి. రెండూ కలిస్తేనే కత్తెర."

"నేను చదువుతానండీ," అంది సుభద్ర గోడ దగ్గర్నుంచే.

"ఈసారి ఉన్నదే చదవాలమ్మా."

మర్నాడు పొద్దున ఇద్దరం బల్లకు చెరో వైపు కూర్చున్నాం. పన్నెండో కోత. ఆవిడ ప్రింటు మీద నంబరు చదివింది, నేను నెగటివ్ మీద చదివాను. కలిశాయి. ఫ్రేములు ఇద్దరం పైకి లెక్కపెట్టాం. ఆరు. అదీ కలిసింది. నేను కత్తెర దగ్గరికి తెచ్చాను.

"ఆగండి," అంది సుభద్ర. "ఏమో, నాకు నమ్మకంగా లేదు."

మూడు నెలలుగా మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. నేను ఆగాను. ఆవిడ లైటు దగ్గరికి ఒంగి, మొదటి అంకె నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.